రెండువేళ్ళ మడత

మా అక్క కత్తెర పట్టిన నాటినుంచీ ఏ గుడ్డనూ గీసిన గీత మీద కత్తిరించలేదు. గీతకు అవతల రెండు వేళ్ళు వదిలి కత్తిరిస్తుంది. ఆ వదిలిన గుడ్డను లోపలికి మడిచి, పచ్చికుట్టు వేసి, ఇస్త్రీపెట్టెతో అణిచేస్తుంది. పైకి ఏమీ తెలియదు. పిల్ల ఎదిగినప్పుడో, మనిషి ఒళ్ళు చేసినప్పుడో ఆ కుట్టు విప్పితే బట్ట మళ్ళీ పనికొస్తుంది. పసిపిల్లాడి లాగుకు వదిలినట్టే, మంచం పట్టిన ముసలాయన కోటుకు కూడా వదిలింది ఒకసారి. ఈయన ఇంకెక్కడ ఎదుగుతాడక్కా అని నేను వేళాకోళం చేస్తే, కోలుకుంటే ఒళ్ళు చేయడా అని తిరిగి నన్నే అడిగింది.

నేను ఆమె చెల్లెల్ని. కొట్లో కత్తెరా, కుట్టుమిషనూ అక్కవి. కాజాలు, గుండీలు, అంచుకుట్లు నావి. నోరు మాత్రం మొత్తం నాదే. అక్క రోజంతా మాట్లాడే మాటలన్నీ కలిపినా గుప్పెడు కావు. అందుకే ఆమె సంగతి నేను చెప్పాల్సి వస్తోంది. ఆమెనే చెప్పమంటే "ఏముంది, కుట్టాను" అని ఊరుకుంటుంది.

మా కొట్టు వీధిలోకి ఒకే కిటికీ ఉన్న ఇరుకు గది. ఒక పక్క మంగలి దుకాణం, ఇంకో పక్క రొట్టెల దుకాణం. కిటికీ దగ్గర అక్క కుట్టుమిషను, నడుమ కత్తిరింపు బల్ల, మూలన నిలువుటద్దం, బట్టలు వేసుకు చూసుకునేవాళ్ళకు ఒక పరదా. మేముండేది పైగదిలో. అక్క కూతురు పెరిగిందంతా ఆ బల్ల కిందే, పీలికల మీద పడుకుని. బావ పోయేనాటికి దానికి ఇంకా మాటలు సరిగ్గా రాలేదు. వచ్చాక మాత్రం ఒకే మాట పట్టుకుంది. సూదికి కన్నం ఎందుకు, దారానికి ముడి ఎందుకు పడుతుంది, ఇస్త్రీపెట్టె ఆనిస్తే తడిగుడ్డ ఎందుకు బుసకొడుతుంది. ప్రాణాలు తోడేసేది. వీధిలోవాళ్ళు దానికి ఎందుకమ్మ అని పేరు పెట్టేశారు. ఇప్పటికీ అదే పేరు.

ఎందుకమ్మకు బడికి వేసుకెళ్ళే నీలం గౌను ఒకటుండేది. ఒకటే. పిల్ల పొడుగయినప్పుడల్లా అక్క లోపలి మడత కొంచెం విప్పి గౌనునూ పొడుగు చేసేది. విప్పిన ప్రతిసారీ పాత అంచు ఉన్న చోట ఒక గీత మిగిలేది. ఎండ తగలని గుడ్డ ముదురు నీలంగా, మిగతాదంతా ఉతికి ఉతికి వెలిసిపోయి ఉండేది. అలా గౌను కింద గీతలు వరసగా పడ్డాయి. బడిలో పిల్లలు వాటిని లెక్కపెట్టి నవ్వారట. ఆ సాయంత్రం అది ఇంటికొచ్చి గౌను విప్పి పీలికల బుట్టలో పడేసింది.

"వీధిలో అందరికీ కొత్తవి కుడతావు. నాకెందుకు కుట్టవు?" అని అడిగింది.

అక్క కాలు ఆపకుండా ఎవరిదో కోటు కుట్టుకుంటూనే ఉంది. ఏం చెబుతుంది? ఆ కోటు కుడితేనే మర్నాడు పొయ్యి వెలిగేది. నాకు దుఃఖం ఆగక పైకి వెళ్ళిపోయాను. ఆ తర్వాత పిల్ల లోకంలో ఉన్నవాటన్నిటినీ ఎందుకని అడిగింది గానీ వాళ్ళమ్మను మాత్రం మళ్ళీ ఏదీ అడగలేదు. పిల్లకు పట్టకుండా పోయాక అక్క ఆ గౌనును విప్పి కుట్టుమిషనుకు ముసుగు చేసింది. రోజూ కొట్టు మూసేటప్పుడు దాన్నే కప్పుతుంది.

ఇవన్నీ ఎప్పటి మాటలో. ఎందుకమ్మ చదివింది, ఇంకా చదివింది, చదువు అయిపోయిందేమో అనుకున్నప్పుడల్లా మళ్ళీ చదివింది. ఇప్పుడు మా రోడ్డు చివర గాజుకిటికీల భవనంలో క్వాంటం కంప్యూటరుకు విడిభాగాలు తయారుచేసే జట్టులో పని. ఆ కంప్యూటరుకు గుండెకాయ అనదగిన ముక్క గోరంత ఉంటుందట. అది పనిచేయాలంటే భరించలేనంత చలి కావాలట. అందుకని దాన్ని నిలువెత్తు పీపాలాంటి పెట్టెలో, ఒకదానిలో ఒకటి ఇమిడే డబ్బాల నడుమ వేలాడదీస్తారు. మేం దానికి చలిపెట్టె అని పేరు పెట్టుకున్నాం.

అది పనిచేసే తీరు ఎందుకమ్మ ఒక సాయంత్రం రొట్టె తింటూ మాకు చెప్పబోయింది. మామూలు కంప్యూటరులో ఏదైనా సున్నా అవుతుంది, లేదా ఒకటి అవుతుంది. దీంట్లో చూసేదాకా రెండూ కలిసి ఉండొచ్చట. నాకు తల తిరిగిపోయింది. అక్క మాత్రం శ్రద్ధగా తలాడించింది. దానికర్థం ఒక్క ముక్క కూడా తలకెక్కలేదని.

నేను ఆ ముచ్చట మర్నాడు కొట్లో అందరికీ చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు. నాలుగుసార్లు తిరిగి విసిగిపోయిన ఒక పెద్దావిడ పరదా వెనకనుంచే, ఇందులో వింతేముంది, మీ కొట్లో నా కోటు ఎప్పట్నుంచో అలాగే ఉందిగా, అడిగితే అయిపోయిందంటారు, చూస్తే కాలేదు అంది. అక్కకు ఎంత నవ్వొచ్చిందో, నోట్లో పెట్టుకున్న గుండుసూదులు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి మరీ నవ్వింది. పక్క మంగలి, తన పనివాడు కూడా ఆ జాతేనని, ఉన్నాడనుకుంటే ఉండడని, లేడని తిడితే వెనకే నిలబడి ఉంటాడని చెప్పాడు. వారం తిరిగేసరికి మా వీధిలో క్వాంటం కాని మనిషి లేడు.

ఆ చలికాలం ఎందుకమ్మ జట్టు కొత్త ముక్క తయారుచేసింది. పాతదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పని చేస్తుందట, చెప్పింది మరిచిపోకుండా ఎక్కువసేపు నిలుపుకుంటుందట. టీవీలో ఒక నిమిషం చూపించారు. ఆ నిమిషం కోసం మేమంతా రొట్టెల దుకాణంలో చేరాం. తెరమీద పిల్లను చూసి రొట్టెలాయన ఇది బక్కచిక్కిపోయింది, సరిగా తినడం లేదన్నాడు. గోరంత ముక్క గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ముక్క పెద్ద పనిమంతురాలయ్యేసరికి దానికి తీగలు పెరిగాయి. తీగలు పెరిగితే చలిపెట్టె పెద్దది కావాలి. పెట్టె కట్టారు గానీ దాని లోపలి డబ్బాకు తొడిగే కోటు లేదు. చలిపెట్టెకు కోటేమిటే, నీకేమైనా మతిపోయిందా అని నేను అడిగాను. చలి పోగొట్టడానికి కాదు పిన్నీ, వేడి లోపలికి రాకుండా ఉండటానికి అంది. ఆ కోటు తయారుచేసే కంపెనీ కొత్త కొలతలకు ఇవ్వాలంటే వేసవి దాటుతుందందట. ఈలోపు పెట్టె చూడటానికి పై అధికారులు వస్తున్నారు. వాళ్ళొచ్చే రోజుకు పెట్టె పూర్తిగా చల్లబడి, ముక్క పనిచేసి చూపించాలి. లేకపోతే ఇకముందు కట్టే పెద్ద పెట్టెల పనంతా ఇంకో ఊరివాళ్ళకు పోతుంది, వీళ్ళ జట్టును తలా ఒక దిక్కుకు పంపేస్తారు. ఇంత సంగతినీ ఎందుకమ్మ కంచంలోకి చూస్తూ చెప్పింది.

"ఏం గుడ్డ?" అని అడిగింది అక్క.

మర్నాడు పిల్ల ఆ కోటుగుడ్డ తునక ఒకటి తెచ్చి చూపించింది. వెండిరంగు కాగితంలా ఉంది, ఉల్లిపొర అంత పలచన. పొరకూ పొరకూ నడుమ వల గుడ్డ. అలాంటి పొరలు ఎన్నో కలిపి కుట్టాలి. అక్క దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నలిపింది, వెలుగులో పెట్టి చూసింది, అంచు చెంపకు ఆనించుకుంది.

"కుట్టొచ్చు. సూది సన్నది కావాలి. కాలు నెమ్మదిగా వెయ్యాలి," అంది.

ఎందుకమ్మ వాళ్ళ సారు మా కొట్టుకు వచ్చాడు. పొడుగాటి మనిషి, మాట్లాడితే మంచుగడ్డ పలికినట్టుంటుంది. కోటుకు ఒక గుండీ లేదు. ఆయన అక్కతో మాట్లాడుతుండగానే నేను గుండీ కుట్టేశాను, వెళ్ళేటప్పుడు చూసుకుని చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు. పని అక్కకు ఇచ్చారు. అక్కను ఆ భవనానికి తీసుకెళ్ళారు, కుట్టుమిషనును తుడిచి తుడిచి లోపలికి పట్టుకెళ్ళారు, తలకు టోపీ, చేతికి తొడుగులు, మూతికి గుడ్డ వేశారు. అక్క తొలిరోజు సాయంత్రం ఇంటికొచ్చి, అక్కడ నేల మన కంచాలకన్నా శుభ్రంగా ఉందని మాత్రం చెప్పింది.

తల్లీకూతుళ్ళు పొద్దున్నే కలిసి బయలుదేరేవారు. మంగలి గుమ్మంలో నిలబడి, ఏమ్మా, పెట్టెగారికి కొలతలు తీసుకున్నారా, నడుమెంత అని అడిగేవాడు. ఎన్నేళ్ళుగానో వాళ్ళిద్దరూ ఒకే దారిలో నడవడం నేను చూడలేదు. నాకు ఒళ్ళు పులకరించేది. కొట్లో పనంతా నా నెత్తిన పడినందుకు గొణుగుతూనే ఉన్నాను, అది వేరే సంగతి.

ఒకరాత్రి భోజనాల దగ్గర ఎందుకమ్మ హుషారుగా ఉంది. ఇది మొదటిదే, వచ్చే ఏడాదికి పెట్టె ఇంకా ఎదుగుతుంది, ఆ పై ఏడాదికి ఇంకానూ అంది. అక్క చేతిలో రొట్టె చారు గిన్నె మీద కాసేపు ఆగింది. మళ్ళీ తినసాగింది. నేను అప్పుడు పట్టించుకోలేదు.

కోటు పూర్తయింది, కుట్టుమిషను కొట్టుకు తిరిగొచ్చింది, కోటు తొడిగారు, పెట్టె మూశారు. అది చల్లబడటానికే రోజులు పడుతుంది. అక్క రోజూ పిల్ల గుమ్మంలో అడుగుపెట్టగానే మొహం చూసేది. మొదట్లో మొహం బాగానే ఉంది. తర్వాత మాడిపోయింది. చలి ఒకచోటికి దిగి అక్కడే ఆగిపోయిందట, ఎంత చేసినా ఇంక కిందికి దిగడం లేదట.

"కోటు వల్లనా?" అని అడిగింది అక్క.

"కాదమ్మా. గొట్టంలో ఏదో ఉంది. విప్పి చూస్తాం," అంది ఎందుకమ్మ.

అక్క గట్టిగా ఊపిరి వదిలి, దాని కంచంలో ఇంకో ముక్క రొట్టె వేసింది.

పెట్టెను మళ్ళీ వెచ్చబరిచి విప్పిన రోజు, అక్క కొలతలు తీయడానికి ఎవరింటికో వెళ్ళినప్పుడు, ఎందుకమ్మ వేళకాని వేళలో కొట్టుకొచ్చింది. జుట్టులో వెండిపొరల తునకలు మెరుస్తున్నాయి. వస్తూనే నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"పిన్నీ, నాకు అంచు కుట్టడం నేర్పు," అంది.

పుట్టిన దగ్గర్నుంచి సూది ముట్టని పిల్ల అది. నేను కాజా పక్కన పడేసి దాని మొహంలోకి చూశాను. నా చూపుకు తట్టుకోలేక చెప్పేసింది. కోటు కొలత ఎక్కడా తప్పలేదు. కానీ లోపల, అంచు పొడుగునా, రెండు వేళ్ళ మడత ఉంది. పెట్టె బయటి డబ్బా మన గదిలా వెచ్చగా ఉంటుంది, లోపలి డబ్బా చల్లగా ఉంటుంది, నడుమ గాలి కూడా లేని ఖాళీ. ఆ ఖాళీలో కోటు బయటి గోడకు ఎక్కడా తగలకూడదు. మడత ఉన్నచోట లావై తగులుతోంది, అక్కణ్ణుంచి వేడి లోపలికి దిగుతోంది. గోడమీద మడత ఆనిన మరక కూడా ఉంది. ఇంత చిన్న సంగతి నేనే చూసుకోవాల్సింది, గీసిచ్చిన కాగితంలో మడత వద్దని రాయలేదు, కుట్టే వాళ్ళెవరైనా లోపల గుడ్డ వదులుతారని మాకెవరికీ తట్టలేదు అని తల పట్టుకుంది.

మడత కత్తిరించేస్తే పొరలు విడిపోతున్నాయి. అందుకే అంచు మళ్ళీ కుట్టాలి. మర్నాటికల్లా తొడిగి మూయకపోతే అధికారులు వచ్చేసరికి పెట్టె చల్లబడదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీ అమ్మను పెట్టుకుని నా దగ్గర నేర్చుకుంటానంటావేమిటే, రేపటికి నువ్వు దర్జీవైపోతావా అని కడిగేశాను. పోనీ నేనొచ్చి కుడతాననీ అన్నాను. నువ్వు కొట్లోంచి కదిలితే అమ్మ ఎక్కడికని అడగదా అంది. అదీ నిజమే. నేను కొట్టు వదిలి వెళ్ళడం అంటే మా వీధిలో కబురే.

"అమ్మ నా పనిలో చెయ్యి పెట్టింది ఇదొక్కసారే పిన్నీ. ఎంత సంతోషంగా ఉందో చూశావుగా. తప్పు నీదని నేను ఎలా చెప్పను? ఒకసారి దాని కుట్టు నేను బుట్టలో పడేశాను. మళ్ళీ పడెయ్యలేను," అంది.

అమ్మను దాని, దీని అనడం దానికి ముద్దొచ్చినప్పుడే. ఇంక తిట్టలేక ఒక పీలిక తీసి సూది చేతికిచ్చాను. సూది పట్టుకోవడం చూపించాను, కుట్టు వెంట కుట్టు ఎలా పడాలో చూపించాను. ఎన్నో పెద్ద లెక్కలు చేసిన చెయ్యి అది. రెండు జానల పీలిక మీద తాగినవాడి నడకలా కుట్టింది. వేలిలో గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని మళ్ళీ కుట్టింది. వెళ్ళేటప్పుడు అమ్మకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. నేను ఆ పీలికను బుట్ట అడుగుకు తోసి పైన గుడ్డముక్కలు కప్పాను.

మర్నాడు పొద్దున అక్క గుండుసూదుల దిండులో కూరడానికి పీలికల కోసం బుట్ట గుమ్మరించింది. దేవుడా అనుకుని నేను కాజాలోకి తల దూర్చేశాను. తలెత్తి చూస్తే అక్క ఆ పీలికను రెండు చేతులా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఒకచోట చిన్న నెత్తుటి చుక్క ఎండిపోయి ఉంది.

"ఇది నీ చేతి కుట్టు కాదు," అంది.

నేను ఒట్టు తప్పలేదు. నోరు విప్పితే కదా తప్పడానికి. జీవితంలో మొదటిసారి నాకు మాట రాలేదు, అది చూసే అక్కకు అంతా అర్థమైంది. పీలికను మడిచి జేబులో పెట్టుకుంది. గోడకున్న పెద్ద కత్తెర తీసింది. కోటు తొడుక్కుని, పద అంది. మేమిద్దరం పట్టపగలు కొట్టుకు తాళం వేసి వెళ్ళడం చూసి మంగలి చేతిలో కత్తితో సహా బయటికొచ్చి నోరు వెళ్ళబెట్టాడు. ఎవరికేమైందని అడిగాడు. చలిపెట్టెకు జ్వరం వచ్చిందని చెప్పాను.

ఆ గాజు భవనంలో మాకు టోపీలు, తొడుగులు వేసి లోపలికి పంపారు. పెట్టె విప్పి ఉంది. పైనుంచి బంగారురంగు పళ్ళేలు ఒకదాని కింద ఒకటి వేలాడుతున్నాయి, వాటి నడుమ లెక్కలేనన్ని తీగలు. నేను చూసిన యంత్రాల్లో అంత అందమైనది లేదు. సారు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కోటు బల్లల మీద పరిచి ఉంది. దాని మీదికి వంగి ఎందుకమ్మ కుడుతోంది. రెండు వేళ్ళకు పట్టీలు. ఒక మూర అంచు అయింది. మిగతా అంచు బల్లల చివరిదాకా అలాగే ఉంది.

మమ్మల్ని చూసి అది చేతులు వెనక్కి పెట్టుకుంది. చిన్నప్పుడు కత్తెరతో ఆడుతూ దొరికిపోయినప్పుడు కూడా అలాగే పెట్టుకునేది.

"మడత తగులుతోందా?" అని అడిగింది అక్క.

"తగులుతోంది."

"మరి చెప్పొద్దూ?"

ఎందుకమ్మ తల దించుకుంది. అక్క తొడుగు చేత్తోనే అది కుట్టిన మూర అంచునూ తడిమి చూసింది. ఆ వంకర కుట్లను ఒక్కటి కూడా విప్పలేదు. వాటి పక్కన కూర్చుని, మిగిలిన అంచు ఒడిలోకి లాక్కుంది.

"పెట్టె వచ్చే ఏడాదికి ఎదుగుతుందన్నావు. నీ గౌనుకు వదిలినట్టే వదిలాను," అంది.

"నాకు ఆ గీతలంటే సిగ్గుగా ఉండేదమ్మా. అంతే. గౌను మీద కోపం కాదు. నీ మీద అసలే కాదు."

"ఆ గీతలు నాకూ కనపడేవి," అంది అక్క. "కుట్టు విప్పినప్పుడల్లా నీకన్నా ముందు నేనే చూసేదాన్ని."

సారు గోడవైపు తిరిగి, పళ్ళేల్లో ఏదో పరీక్షిస్తున్నట్టు నటించాడు. ఆ మంచుగడ్డ మనిషి మీద నాకు ఆ క్షణంలో ఎక్కడలేని ఇష్టం పుట్టింది.

అక్క కత్తెర తెరిచి మడత మొదట్లో పెట్టింది. పెట్టి ఆగిపోయింది. చేయి కదలడం లేదు. నాకు తెలుసు ఎందుకో. బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి ఆ రెండు వేళ్ళ గుడ్డను ఆమె ఎవరి బట్టలోంచీ కత్తిరించి పారేయలేదు. ఆ గుడ్డ మీదే మేం ముగ్గురం బతికాం.

"మళ్ళీ ఎదిగితే?" అని అడిగింది కూతుర్ని.

"ఎదిగితే కొత్తది కుట్టమ్మా."

కొత్తది అన్న మాట ఆ పిల్ల నోట మళ్ళీ విన్నది అప్పుడే. అక్క దాని మొహంలోకి చూసింది. మూతిగుడ్డ పైన కళ్ళు రెండూ నిండిపోయాయి, తొడుగులున్న చేతులతో తుడుచుకోవడానికి లేదు. ఎందుకమ్మే తన మోచేతితో తుడిచింది.

"సరే. ఎదగనీ. కొత్తది కుడతాను," అంది అక్క.

గీత మీద కత్తిరించడం మొదలుపెట్టింది. ఎక్కడా వంకర పోలేదు. వెనకే నేను పొరలు పట్టుకుంటుంటే ఎందుకమ్మ సూదికి దారాలు ఎక్కించి ఇచ్చింది, అక్క అంచు కుట్టుకుంటూ పోయింది. సాయంత్రానికి కోటు మళ్ళీ తొడిగారు. లోపలి డబ్బా మీద అది వేలితో నొక్కి అంటించినంత నున్నగా కూర్చుంది. ఒక మూర మేర మాత్రం కుట్లు వంకరగా ఉన్నాయి. వాటివల్ల పెట్టెకు ఏ ఇబ్బందీ లేదని సారు రెండుసార్లు చెప్పాడు.

తర్వాత రోజులు ఎలా గడిచాయో అడగొద్దు. కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాం. మంగలి పొద్దునా సాయంత్రం వచ్చి పెట్టెకు ఎలా ఉంది అని పరామర్శించి వెళ్ళేవాడు. అధికారులు రావడానికి ముందురోజు మధ్యాహ్నం ఎందుకమ్మ ఫోను చేసింది. ఎక్కడికి దిగాలో అక్కడికి దిగిందట. గోరంత ముక్క నిద్రలేచి, అడిగినదానికల్లా జవాబు చెబుతోందట. అక్క ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

"చలి బాగా పట్టిందా తల్లీ?" అని అడిగింది. పిల్లలకు చలి పట్టిందని విని సంతోషించిన తల్లి లోకంలో మా అక్క ఒక్కతే అయి ఉంటుంది.

ఫోను పెట్టేసి అక్క బీరువాలోంచి నీలం గుడ్డ తాను తీసింది. ఎప్పుడు కొన్నదో నాకు తెలియదు, నాకు తెలియకుండా మా కొట్లో తాను ఒకటి ఉందంటేనే ఆశ్చర్యం. బల్లమీద పరిచి సుద్దతో గీసింది, కూతురి కొలతలు టేపు లేకుండానే. ఆ సాయంత్రానికి గౌను తయారైంది. కొత్తది. ఎక్కడా పాత గీత అన్నది లేనిది. మర్నాడు అధికారుల ముందు వేసుకోవడానికి.

అక్క ఇస్త్రీ చేస్తుంటే నేను కాజాలు సరిచూస్తూ ఊరికే అంచు తిరగేసి చూశాను. లోపల రెండు వేళ్ళ గుడ్డ, చుట్టూ, పచ్చికుట్టు వేసి ఉంది.

"అక్కా, దానికి ముప్పై దాటాయి. ఇంకెక్కడ ఎదుగుతుంది?" అన్నాను. "పెట్టెది కత్తిరించావుగా. దీనికెందుకు మళ్ళీ?"

అక్క గౌను నా చేతిలోంచి లాక్కుంది.

"అది పెట్టె. ఇది నా పిల్ల," అంది, మళ్ళీ ఇస్త్రీ చేసుకోసాగింది.